శబ్దప్రమాణము

తర్కసంగ్రహమును చదివినవారికి శబ్దము రెండు విధములని తెలియును. భేరి మొదలగు వానియందుఁ బుట్టునది ధ్వన్యాత్మకము. భాషారూపమున మనుష్యుల నోట వెలువడునది వర్ణాత్మకము. 17వ శతాబ్దమున ఆంధ్రుఁడైన అన్నంభట్టు పిల్లల సుఖబోధకొఱకు రచించిన యా చిన్న పుస్తకములోనే ప్రమాణములు నాలుగని చెప్పి, వానిలోఁ గడపటిదైన శబ్దప్రమాణ మనఁగా ఆప్తవాక్యమే యని నిర్ణయించినాఁడు. ఉన్నదానిని ఉన్నట్లు పలుకువాఁడే ఆప్తుఁడు. భేరి చేయు ధ్వనికి ఆ పీఠము దొరకలేదు. ఐనను ధ్వనియు అనుమానమునకు సాధనము కావచ్చును. పర్వతముపైఁ బొగను జూచి నిప్పు నూహించినట్లే, చప్పుడును విని దాని కారణము నూహింపవచ్చును.

మోటారుబండి గలవారికి ఈ రెండు శబ్దములతోను నిత్యము పని యున్నది. యంత్రము చేయు ధ్వని యొకటి. ఆ యంత్రమును దినదినము నడుపువారు చెప్పు మాట యొకటి. ఈ రెంటిలో దేనిని వినకపోయినను ధననష్టము తప్పదు. ఒక్కొక్కప్పుడు ప్రాణముమీఁదికిని వచ్చును. ఈ సంగతిని నాకుఁ దెలిసిన యొక యుదాహరణముతో విన్నవించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

సంస్కృతమును ఇంగ్లీషును చదివి, బడిలోఁ బాఠములు చెప్పుకొను వానికి ఇంజను చప్పుళ్లతో నేమి పని యని కొంద ఱడుగవచ్చును. మన దేశమునఁ జదువునకును చేతిపనికిని నడుమ ప్రాఁతకాలపు గోడ యొకటి నిలిచియున్నది. వ్యాకరణసూత్రము తెలియనివానిని మనము చులకనగాఁ జూతుము. తాను గూర్చున్న బండి యేల కదలుచున్నదో తెలియని పండితుని మాత్రము ఏమియు ననము. ఒకప్పుడు జమీందార్ల వాకిళ్లయందే కానఁబడిన మోటారుబండి నేఁడు గుమాస్తాల యిండ్లముందును, ఉపాధ్యాయుల యిండ్లముందును నిలిచియున్నది. వైద్యునియొద్దకుఁ బోవునపుడు రోగలక్షణములు చెప్పనేర్చినట్లే, షెడ్డునకుఁ బోవునపుడు బండి లక్షణములు చెప్పనేర్చుటయు గృహస్థునకు ఆవశ్యకమే. ఆయుర్వేదమున మాధవకరుఁడు నిదానమునకే ప్రత్యేకముగా నొక గ్రంథము వ్రాసినాఁడు. రోగమేదో నిర్ణయింపక మందిచ్చుట మన పెద్దలకును సమ్మతము కాదు.

పెట్రోలు ఇంజనులో నాలుగు దశలు గలవు. 1876లో జర్మనీదేశమున ఓటో నిర్మించిన యంత్రము మొదలు నేఁటి చిన్నకార్ల వఱకు ఈ క్రమ మొక్కటియే. పిస్టను క్రిందికి దిగి, గాలిని పెట్రోలును లోనికిఁ బీల్చును. పైకి వచ్చి ఆ మిశ్రమమును నొక్కును. ప్లగ్గు నిప్పురవ్వను రాల్చఁగా మిశ్రమము మండి పిస్టనును త్రోయును. పిస్టను మఱల పైకి వచ్చి కాలిన వాయువును వెడలఁగొట్టును. ఈ నాలుగు దశలు ముగియుటకు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగును. కాఁబట్టి ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరులో 1,500 మాఱులు, అనఁగా సెకనుకు 25 మాఱులు, మంట పుట్టును. ఈ లెక్క నిదానమునకుఁ జాల నుపకరించును. చుట్టున కొకమాఱు పడు దెబ్బ క్రాంకుషాఫ్టును, దాని నంటియున్న భాగములను సూచించును. రెండు చుట్ల కొకమాఱు వినఁబడు టిక్కుటిక్కు వాల్వులదో, ఒక సిలిండరు వెడలించు వాయువుదో కావచ్చును. అభ్యాసము గల చెవి ఈ భేదమును గుర్తింపఁగలదు.

ఏక్సిలరేటరును నొక్కినపుడు రెండు సంగతు లొక్కసారియే జరుగును: ఇంజను తిరుగుడు హెచ్చును, దానిపైఁ బడు భారమును హెచ్చును. చప్పుడు ఈ రెంటిలో దేని వెంటఁ బోవుచున్నదో విడఁదీయుట మొదటి పని. నైయాయికులు దీనినే అన్వయవ్యతిరేకము లందురు: కారణమున్నచోఁ గార్యముండుట, అది లేనిచో నిది లేకుండుట. బండిని నిలిపి, న్యూట్రలులో నుంచి, ఇంజను వేగమును హెచ్చించినప్పుడును చప్పుడు వచ్చినచో, అది ఇంజనుదో, దానికిఁ దగిలించిన బెల్టు మొదలగువానిదో యగును. నిలిపినపుడు రాక, బండి లాగునపుడు మాత్రమే వచ్చినచో భారముతో సంబంధము గలదని తెలియును. ఖాళీగానున్న రోడ్డుపైఁ బోవుచు ఏక్సిలరేటరునుండి కాలు తీసినను చప్పుడు తగ్గక, చక్రముల వేగమునే యనుసరించినచో, ఇంజనును విడిచి చక్రపు బేరింగును, టైర్లను చూడవలెను. ఈ పరీక్షలకు దమ్మిడీ ఖర్చు లేదు.

చప్పుళ్లలో జాతులు గలవు. ప్రొద్దున బండి కదలించినపుడు కీచుమనునది తఱచుగా బెల్టు. తెలిసిన పనివాఁడు దానిపై నాలుగు నీటిచుక్కలు చిలుకరించి చూచును. కీచు తగ్గి మఱల వచ్చినచో కప్పీలు ఒక వరుసలో లేవనియు, హెచ్చినచో బెల్టు వదులై జాఱుచున్నదనియు గ్రహించును. ఒకే యొక వేగమునందు గలగలలాడి, ఆ వేగము దాఁటఁగానే మానునది సైలెన్సరు గొట్టముపై వేఁడి తగులకుండ బిగించిన రేకు. దాని మర వదులగుటచే ఆ వేగపు కంపనమునకు అది మ్రోఁగును. లోపలినుండి బరువుగా, రోఁకటిపోటువలె వినఁబడి, ఏక్సిలరేటరు నొక్కినకొలఁది హెచ్చునది మాత్రము భయపడవలసిన చప్పుడు. అది పిస్టనుకడ్డీ బేరింగు అరిగినదనుటకుఁ జిహ్నము కావచ్చును. అట్టిచో బండిని వెంటనే నిలిపి, ఆయిలు చూచుకొని, నడుపక త్రోయించుకొని పోవుటయే మేలు.

ఎక్కువ గేరులో మెల్లఁగాఁ బోవుచు ఒక్కమాఱుగా ఏక్సిలరేటరును నొక్కినపుడు, ఇత్తడిచెంబులో గులకఱాళ్లు వేసి కదపినట్లు వినఁబడునది వేఱొక చప్పుడు. ప్లగ్గు వెలిగించిన మంట వచ్చి చేరకముందే, సిలిండరులో దూరముగా నున్న మిశ్రమము తనంతట తానే భగ్గుమనుటచేత ఇది కలుగును. పెట్రోలు తగిన ఆక్టేను గలది కాకపోవుట, లోపల మసి పేరుకొనుట, వేఁడి మితిమీఱుట, నిప్పురవ్వ వేళకు ముందే రాలుట దీనికిఁ గారణములు. నేఁటి బండ్లలో ఇంజను గోడకే యొక సెన్సారును బిగించి, సెకనుకు ఇంచుమించు 6,000 మొదలు 7,000 వఱకు కంపనములు గల ఆ ధ్వనిని పసికట్టి, నిప్పురవ్వను కొంత ఆలస్యముగా రాలునట్లు చేయుచున్నారు.

ఈ చప్పుడునకు లోక మెఱుఁగవలసిన చరిత్ర యొకటి గలదు. అమెరికాలో కెటరింగు అను ఇంజనీరు ప్రయోగశాలలో మిడ్గ్లీ యనునతఁడు దీనికి మందు వెదకి వెదకి, 1921లో టెట్రాఇథైలు లెడ్డు అను సీసపు ద్రవ్యమును గనుఁగొనెను. పెట్రోలులో దానిని కొంచెము కలిపినచోఁ జప్పుడు మానెను. 1923లో ఆ పెట్రోలు అంగళ్లకు వచ్చెను. 1924లో న్యూజెర్సీ రాష్ట్రమున బేవే యనుచోట ఆ ద్రవ్యమును తయారుచేయు కర్మాగారమున అయిదుగురు పనివాండ్రు విషమెక్కి మరణించిరి. సీసము విషమని అంతకుఁ బూర్వమే వైద్యులకుఁ దెలియును. ఐనను వ్యాపారము నిలువలేదు. లోకములోని నగరములన్నిటను పొగగొట్టములనుండి సీసము వెలువడి, పసిపిల్లల రక్తమునఁ జేరి, వారి బుద్ధివికాసమును చెఱచెను. మన దేశమున 2000 సంవత్సరమున దానిని మాన్పించిరి. కడపటిగా అల్జీరియాదేశమున 2021లో అది నిలిచిపోయెను. ఇంజను మూల్గకుండుటకై నూఱేండ్లు పిల్లలకు విషము పెట్టితిమి. చప్పుడు మానినది గదా యని సంతోషించువారు, అది యెట్లు మానినదో, దాని వెల నెవరు చెల్లించుచున్నారో గూడ నడుగవలెను.

ఇంక మా యింటి బండి సంగతి. అది పదునొకండేండ్ల నాఁటి చిన్న పెట్రోలుకారు. దానిని నడుపునది నా భార్య. ఆమె విజయవాడనుండి బందరు రోడ్డున కంకిపాడు దాఁటి యొక గ్రామమున ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పుచున్నది. తోడి ఉపాధ్యాయిని యొకామె రోజును ఆమె ప్రక్కనే కూర్చుండి పోవును. గడచిన చలికాలమున ప్రొద్దున బండి కదలించినపుడు టిక్కుటిక్కుమను చప్పుడు వినఁబడుచున్నదని ఆమె చెప్పెను. గడ్డిట్రాక్టరును దాఁటుటకై ఏక్సిలరేటరును నొక్కినపుడు అది హెచ్చును. కంకిపాడు చేరుసరికి ఇంచుమించుగా మాయమగును. సాయంకాలము తిరుగు ప్రయాణమున మఱల మొదలగును. ఆమె ఊరకుండక తొమ్మిది దినములు ఒక నోటుపుస్తకమున వ్రాసిపెట్టెను: ఏ వేళ, ఎంత దూరము, ఏ గేరు, అద్దములు మూసియుండెనా తెఱచియుండెనా. లీటరుకు 18 కిలోమీటర్లు నడచు బండి 15కు దిగినదనియు వ్రాసెను. ఆ పుస్తకముననే మఱియొక పంక్తి గలదు: అద్దములు మూసికొని పోయిన దినములలో తనకును, ప్రక్కనున్నామెకును తలనొప్పి, తెఱచుకొని పోయిన దినములలో లేదు.

ఇద్దఱము బండిని నగరములోని యొక పెద్ద వర్కుషాపునకుఁ గొనిపోయితిమి. అచ్చటి యువకుఁడు మర్యాదగా మాటలాడెను గాని, మాటలాడుటంతయు నాతోనే. ఆమె పుస్తకము చూపఁగా దానిని తెఱవలేదు. ఇంటినుండి పది కిలోమీటర్లు వచ్చిన బండి వేఁడెక్కియుండెను గనుక చప్పుడు వినఁబడలేదు. రాత్రి ఇచ్చటనే ఉంచి, ప్రొద్దున చల్లగా నున్నపుడు కదలించి చూడుఁడని ఆమె చెప్పెను. అతఁడు బండికి కంప్యూటరు తగిలించి చూచి, “మాస్టారూ, ఇందులో ఏ లోపమూ చూపించట్లేదు. ఆడవాళ్లు కదండీ, చిన్న చప్పుడుకే కంగారుపడతారు” అని నవ్వెను. “బండి నడిపేది ఆవిడ. అడగవలసింది ఆవిడనే” అని నేనంటిని. పిదప అతఁడు కాగితముమీఁద టైమింగుచెయిను మార్చుటకు 42,000 రూపాయలని వ్రాసి యిచ్చెను. లోపము లేదన్న నోటనే యింత పెద్ద చికిత్స యెట్లు వచ్చినదో మాకుఁ దెలియలేదు. బండిని మఱలించుకొని వచ్చితిమి.

మఱునాఁడు ఆటోనగరులో నొక షెడ్డునకుఁ బోతిమి. అచ్చటి పెద్దమేస్త్రీ అఱువదేండ్లు దాఁటినవాఁడు. ఆయన బానెట్టు తెఱవకమునుపే నా భార్యవైపు తిరిగి ప్రశ్న లడుగనారంభించెను. “చల్లగా ఉన్నప్పుడామ్మా, వేడెక్కాకా?” “నిలబెట్టి నొక్కినా వస్తుందా, లాగేటప్పుడేనా?” “ఠంగుఠంగుమనా, పుస్సుపుస్సుమనా?” కడపటి ప్రశ్నకు ఆమె కొంచెమాలోచించి, లోహము కొట్టుకొన్నట్లు గాదు, గాలి చీలినట్లున్నదని చెప్పెను. తలనొప్పి మాట వినఁగానే ఆయన మొగము మాఱెను. “అయితే ఇవాళ్టినుంచి బాగయ్యేదాకా ఈ బండి తోలొద్దమ్మా. ఇక్కడే వదిలెయ్యండి” అనెను. వైద్యుఁడు రోగిని ప్రశ్నించినట్లు ఆమెను ప్రశ్నించిన మొదటి మనుష్యుఁ డాయనయే.

మఱునాఁటి యుదయమున మేము గూడ నుండఁగా, రాత్రియంతయు చల్లఁబడిన బండిని ఆయన కదలించెను. టిక్కుటిక్కు స్పష్టముగా వినఁబడెను. మేస్త్రీలు పొడుగు స్క్రూడ్రైవరు మొనను ఇంజనుపై నుంచి, పిడిని చెవి కానించి వినుట పలువురు చూచియేయుందురు. 1816లో ఫ్రాన్సున లెనెక్కు అను వైద్యుఁడు కాగితమును గొట్టముగాఁ జుట్టి రోగి గుండెచప్పుడు వినెను. ఇదియు నట్టి విద్యయే. కాని గాలి కారుచోట కడ్డీకంటె గొట్టము మేలు. ఆయన యొక రబ్బరుగొట్టమును చెవియొద్ద నుంచుకొని, తిరుగు బెల్టునకు ఫ్యానునకు దూరముగా, దాని రెండవ కొనను ఇంజను ప్రక్కగా నడిపించుచుఁ బోయి, సిలిండర్లనుండి కాలిన వాయువును గొనిపోవు ఎగ్జాస్టు మేనిఫోల్డునొద్ద ఆఁగెను. పిదప ఇంజనును ఆర్పి, సైలెన్సరు కొననుండి మెల్లఁగా గాలి పంపి, అతుకుమీఁద సబ్బునీళ్లు చల్లెను. సైకిలు ట్యూబునకుఁ బంచరు వెదకునట్లే. నాలుగవ సిలిండరుచెంత బుడగలు లేచెను. అచ్చట లోహముపైఁ గాటుకగీఁతవలె మసిచాఱ యుండెను. ఒక స్టడ్డు విఱిగియున్నది. దాని వెంబడి గ్యాస్కెట్టును కాలిపోయినది.

ఇంక అన్నియు సమన్వయమైనవి. ఆ సిలిండరు వాయువును వెడలఁగొట్టినప్పుడెల్ల, అనఁగా రెండు చుట్ల కొకమాఱు, వాయువు ఆ సందున చీలి టిక్కుమనుచున్నది. ఏక్సిలరేటరు నొక్కినపుడు ఒత్తిడి హెచ్చును గనుక చప్పుడును హెచ్చును. లోహము వేఁడెక్కి వ్యాకోచింపఁగా సందు పూడుకొని చప్పుడు తగ్గును. ఒక దెబ్బకును మఱియొక దెబ్బకును నడుమ బయటి గాలి ఆ సందుననే లోనికిఁ జొరబడుటచే, ఆక్సిజను సెన్సారు గాలి యెక్కువైనదని భ్రమించి పెట్రోలును హెచ్చుగాఁ బోయించుచున్నది. అందుచే మైలేజి తగ్గినది. ఆ షెడ్డులో ఐ.టి.ఐ. చదివిన కుఱ్ఱవాఁడొకఁడు తన ఫోనునకు స్కానరును జతపఱచి, ఇంజను మామూలుకంటె నూటికి పదునాలుగు పాళ్లు ఎక్కువ పెట్రోలు త్రాగుచున్నదని చూపెను. లోపసంకేతము రాలేదు గాని, అంకెలు చదువఁగలవానికి లోపము కానఁబడుచునే యున్నది. పరికరము అబద్ధమాడలేదు, వర్కుషాపులో దాని నడిగినవారు లేరు.

ఇంక తలనొప్పి. ఇంజను వెడలించు వాయువులలోఁ గార్బను మోనాక్సైడు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువునుకంటె దానిని 200 మడుఁగులకుఁ బైఁగా గట్టిగాఁ బట్టుకొనును. సైలెన్సరు కొననుండి పోవలసిన యా వాయువు బానెట్టు క్రిందనే కారి, ముందరి అద్దము మొదటనున్న రంధ్రములగుండ లోనికిఁ బ్రవేశింపవచ్చును. అద్దములు మూసిన బండిలో తలనొప్పియు, మత్తును దాని మొదటి గుఱుతులు. ఆ మత్తు నడుపువారి కెక్కినచో ఫలమేమో చెప్పనక్కఱలేదు. వారిద్దఱి తలనొప్పికి ఇదియే కారణమని నేను ప్రమాణము చేయఁజాలను గాని, అతుకు బాగైన తరువాత అద్దములు మూసికొని పోయినను అది మఱల రాలేదు. అన్వయమును వ్యతిరేకమును రెండును కుదిరినవి.

బాగుచేయుటకు ఒక దినము పట్టెను. విఱిగిన స్టడ్డు మొదట తుప్పునూనె పోసి, దాని మొండెమునకు ఒక నట్టును వెల్డింగు చేసి, వేఁడిమీఁదనే త్రిప్పి ఊడఁదీసిరి. ఈ యోర్పు లేనివారు దానిని డ్రిల్లుతోఁ దొలిచి, రంధ్రమును పాడుచేసి, సిలిండరుహెడ్డును దింపవలసిన స్థితికిఁ దెత్తురు. మేనిఫోల్డు ముఖమున ఉక్కుబద్ద నుంచి వంకర లేదని చూచి, క్రొత్త గ్యాస్కెట్టు వేసి, నడుమనుండి అంచులకు, కొంచెము కొంచెముగా, కొలతరెంచితో బిగించిరి. తడవకు బిగించుటలో నెంత శాస్త్ర మున్నదో అప్పుడు చూచితిని. మొత్తము 3,600 రూపాయలైనది. పెద్దమేస్త్రీ విఱిగిన స్టడ్డును కాగితమునఁ జుట్టి, నా భార్య చేతికే యిచ్చెను. అది యిప్పుడు ఆమె తరగతిలో వ్యాకోచసంకోచముల పాఠమునకుఁ బనికివచ్చుచున్నది.

చదువరులారా, యంత్రముల విషయమున నేను చేయు మనవి స్వల్పము. బండి చప్పుడు మాఱినచో పాట బిగ్గరగాఁ బెట్టుకొని దానిని కప్పివేయకుఁడు. అది చల్లనా వేఁడియా, నిలిచియా కదలియా, భారముననా వట్టిగానా యని నాలుగు దినములు గమనించి వ్రాసికొనుఁడు. చల్లగా నున్నపుడు వచ్చు చప్పుడైనచో రాత్రియే బండిని షెడ్డున నుంచుఁడు. చప్పుడును తాను వినకముందే భాగములు మార్చవలెననువానిని, వినుమని యడుగుఁడు. మార్చిన ప్రాఁతభాగమును చూపుమనుఁడు. లోపలఁ దలనొప్పి గాని మత్తు గాని తోఁచినచో, బండి నాఁపి బయటికి వచ్చి, పిదప మాత్రమే మిగిలిన విచారము చేయుఁడు.

అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి గలదు. ఈ కథలో ధ్వన్యాత్మకశబ్దమును, వర్ణాత్మకశబ్దమును రెండును మొదటినుండియు సత్యమునే చెప్పుచుండెను. ఇంజను టిక్కుమని చెప్పెను. నడుపునామె మాటలతోఁ జెప్పెను. చదువుకొన్నవాఁడు, మంచి దుస్తులు ధరించినవాఁడు, విలువైన పరికరములు గలవాఁడు ఆ రెంటిని వినలేదు. చెప్పినది స్త్రీ యగుటచే మాట ప్రమాణము కాకపోయెను. బడి చదువు అంతగా లేని వృద్ధుఁడు ఆమెను ఆప్తురాలిగా నెంచెను గనుక సత్యము వెంటనే దొరకెను. నిత్యము ఆ యాసనమునఁ గూర్చుండువారికంటె ఆ బండి విషయమున ఆప్తులెవ్వరు? పొయ్యియొద్ద గ్యాసువాసన వచ్చుచున్నదని వంటచేయునామె చెప్పినపుడును, మరలో కొత్తచప్పుడు వచ్చుచున్నదని కూలివాఁడు చెప్పినపుడును, కన్ను మసకగా నున్నదని బడిపిల్లవాఁడు చెప్పినపుడును ఇదే న్యాయము. పనిచేయువాని మాటను, బాధపడువాని మాటను ప్రమాణములలోఁ జేర్చుకొననిదే మన చదువు పూర్తికాదు.

రేపు మీ యింట నెవరైనను “బండి చప్పుడు మారింది” అని చెప్పినచో, అది భ్రమ యనకుఁడు, అంచనా వేయింపఁ బరుగెత్తకుఁడు. మొదట “ఎప్పుడు వస్తోంది?” అని యడుగుఁడు, పిదప వారు చెప్పునది తుదివఱకు వినుఁడు.